ధ్రువకాంతుల కోసం హన్లేలో మూడు రాత్రులు

దీపావళి తర్వాత సెలవు పెట్టి లదాఖ్ వెళ్ళొచ్చినప్పటి నుంచి క్లాసులో అందరూ నన్ను ఒకటే అడుగుతున్నారు: "చూశావా?" ధ్రువకాంతులు కనిపించే హన్లే అనే ఊళ్ళో ఒక పల్లె ఇంట్లో మూడు రాత్రులు ఉంటానని పోయేముందే అందరికీ చెప్పాను కదా, అందుకని. జవాబు ముందే చెప్పేస్తాను. చూడలేదు. మూడు రాత్రులూ ఆకాశం నిర్మలంగానే ఉంది, కానీ ఆ కాంతులు రాలేదు.

ఎందుకు రాలేదు, అసలు ఎప్పుడు వస్తాయి, మన కోవిల్‌పట్టి వైపు ఎందుకు రావు అనేది నడవాలో నిలబడి చెప్పేంత చిన్న సంగతి కాదు. అందుకే ఈసారి గోడపత్రికకి కవిత ఇవ్వకుండా ఈ వ్యాసం రాస్తున్నాను. నేను సైన్సు విద్యార్థిని కాను. నాకు అర్థమైన వరుసలోనే చెప్తాను.

పేరులోనే ఒక చుట్టరికం

ఇంగ్లీషువాళ్ళు వీటిని అరోరా అంటారు. అరోరా అంటే రోమన్ల ఉదయదేవత. మన ఉషస్సు అన్నమాటా, ఆ అరోరా అన్నమాటా ఒకే పాత మూలం నుంచి పుట్టాయని భాషా శాస్త్రజ్ఞులు చెప్తారు. ఉత్తరాన చీకటి రాత్రిలో అకస్మాత్తుగా తెల్లవారుతున్నట్టు కనిపిస్తుంది కాబట్టి ఆ పేరు పెట్టారు. తెలుగులో ధ్రువకాంతులు, ధ్రువజ్యోతులు అని రాస్తున్నాం. తమిళంలో తురువ ఒళి. మా ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం కాబట్టి నాకు రెండు పేర్లూ వచ్చు. మా అవ్వకి మాత్రం ఏ పేరూ లేదు. "ఆకాశంలో పచ్చగా, ఎర్రగా వెలుతురు ఆడుతుందంట అవ్వా" అంటే, "ఎవురు కాలుస్తారమ్మే దాన్ని?" అంది.

ఆమె అడిగిన ప్రశ్న నుంచే మొదలుపెడతాను. నిజంగానే దాన్ని ఎవరు కాలుస్తారు?

సూర్యుడు విసిరేది, భూమి పట్టుకునేది

సూర్యుడి నుంచి మనకి వెలుగు, వేడి ఒక్కటే రావు. విద్యుదావేశం ఉన్న కణాలు కూడా ఎప్పుడూ గాలిలా వీస్తూనే ఉంటాయి. దాన్ని సౌరపవనం అంటారు. అప్పుడప్పుడు సూర్యుడి మీద మచ్చలున్న చోట్ల పెద్ద పేలుడు జరిగి, కోట్లకొద్దీ టన్నుల పదార్థం ఒక్కసారిగా ఎగిరి వస్తుంది. అది భూమి వైపు తిరిగి ఉంటే ఒకటి నుంచి మూడు రోజుల్లో మన దగ్గరికి చేరుతుంది.

భూమి ఒక పెద్ద అయస్కాంతం. దాని చుట్టూ కంటికి కనిపించని అయస్కాంత రేఖలు ఉంటాయి. ఇవి ఒక ధ్రువం దగ్గర నేలలోంచి లేచి, ఆకాశంలో వంపు తిరిగి, ఇంకో ధ్రువం దగ్గర దిగుతాయి. సూర్యుడి నుంచి వచ్చిన కణాలు నేరుగా మన నెత్తిన పడకుండా ఈ రేఖలే అడ్డుకుంటాయి. కానీ పెద్ద తాకిడి తగిలినప్పుడు, భూమికి రాత్రివైపు తోకలా సాగిన రేఖలు తెగి మళ్ళీ అతుక్కుంటాయి. అప్పుడు ఎలక్ట్రాన్లు ఆ రేఖల వెంబడి జారి ధ్రువాల దగ్గర గాలిలోకి దూకుతాయి. అవి గాలిలోని ఆక్సిజన్, నైట్రోజన్‌లను కొడతాయి. దెబ్బ తిన్న పరమాణువు తనకు వచ్చిన శక్తిని వెలుగుగా వదిలేస్తుంది. అదే ధ్రువకాంతి.

మామూలు రోజుల్లో ఈ వెలుగు అయస్కాంత ధ్రువం చుట్టూ ఒక ఉంగరంలా ఉంటుంది. అయస్కాంత లెక్కలో 65 నుంచి 70 డిగ్రీల దగ్గర. నార్వే, ఫిన్లాండ్, ఐస్‌లాండ్, కెనడా, అలాస్కా ఆ ఉంగరం కిందికి వస్తాయి. అందుకే అక్కడ అడవుల్లో చెక్క ఇళ్ళు కట్టి, చలికాలం అంతా అతిథుల్ని ఉంచుకుంటారు. తుఫాను పెద్దదైతే ఉంగరం వెడల్పై దక్షిణానికి జరుగుతుంది.

శివకాశి రంగులూ, ఆకాశం రంగులూ

రంగుల సంగతి నాకు పుస్తకం కంటే ముందు మా నాయన చెప్పాడు. ఆయన శివకాశి వైపు ఒక పటాసుల యూనిట్‌లో ఫోర్‌మన్. పటాసులో ఎరుపు కావాలంటే స్ట్రాన్షియం, పసుపుకి సోడియం, నీలానికి రాగి, పచ్చకి బేరియం. ఒక్కో మూలకం వేడెక్కితే దానికి మాత్రమే సొంతమైన రంగు ఇస్తుంది. ఇంకో రంగు ఇమ్మంటే ఇవ్వదు. 2018లో సుప్రీంకోర్టు పటాసుల్లో బేరియం వాడకూడదంది. అప్పటి నుంచి పచ్చ రంగు అంటేనే నాయనకి తలనొప్పి.

ధ్రువకాంతిలోనూ ఇదే సూత్రం. తేడా ఏమిటంటే ఇక్కడ మంట లేదు, పొగ లేదు. వేగంగా వచ్చిన ఎలక్ట్రాన్ కొట్టిన దెబ్బకే రంగు పుడుతుంది. పచ్చ, ఎరుపు రెండూ ఆక్సిజనే ఇస్తుంది. నేల నుంచి సుమారు 100, 150 కిలోమీటర్ల ఎత్తులో పచ్చ. 200 కిలోమీటర్లు దాటాక ఎరుపు. కింది అంచున కనిపించే ఊదా, నీలం నైట్రోజన్‌వి.

ఒకే ఆక్సిజన్ రెండు రంగులు ఎందుకిస్తుంది? ఇది నాకు చాలా నచ్చిన భాగం. దెబ్బ తిన్న ఆక్సిజన్ పరమాణువు పచ్చ వెలుగు ఇవ్వడానికి ఒక సెకను కంటే తక్కువ సమయం చాలు. ఎర్ర వెలుగు ఇవ్వాలంటే దాదాపు రెండు నిమిషాలు ఆగాలి. కింద గాలి దట్టంగా ఉంటుంది. ఆ రెండు నిమిషాల్లో పక్క పరమాణువులు వచ్చి గుద్ది, దాని శక్తిని లాగేసుకుంటాయి. ఇక ఎరుపు ఇవ్వడానికి ఏమీ మిగలదు. బాగా పైన గాలి పలచన, గుద్దేవాళ్ళు లేరు. అక్కడ తీరుబడిగా ఎరుపు వెలుగుతుంది. నాయనకి ఇది చెప్తే, "బేరియం లేకుండా పచ్చ, స్ట్రాన్షియం లేకుండా ఎరుపు. లైసెన్సు కూడా అక్కర్లేదు" అన్నాడు.

మన నెత్తిన ఎందుకు రావు

కోవిల్‌పట్టి 9 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. విరుదునగర్ తొమ్మిదిన్నర. కానీ ధ్రువకాంతి విషయంలో మామూలు అక్షాంశం కంటే అయస్కాంత అక్షాంశం ముఖ్యం. భూమికి మధ్యలో గీసిన భూమధ్యరేఖ ఉన్నట్టే అయస్కాంత భూమధ్యరేఖ ఒకటి ఉంది. అది మామూలు భూమధ్యరేఖ మీదే పోదు, వంకరగా పోతుంది. మన దేశంలో అది దక్షిణ కొసన, తిరునెల్వేలికి దగ్గరగా పోతుంది. అంటే కోవిల్‌పట్టి నుంచి రైల్లో గంటసేపు పోతే చాలు, దాని చుట్టుపక్కలకి వచ్చేస్తాం.

ఆ రేఖ దగ్గర అయస్కాంత రేఖలు నేలకి సమాంతరంగా, ఆరేసిన తీగల్లా పడుకొని ఉంటాయి. ధ్రువం దగ్గరైతే బావిలోకి దిగే తాడులా నిలువుగా ఉంటాయి. ఎలక్ట్రాన్లు తాడు పట్టుకొని దిగగలవు గానీ, పడుకొన్న తీగ మీది నుంచి కిందికి దూకలేవు. కాబట్టి ధ్రువకాంతుల విషయంలో ప్రపంచంలోనే అతి దూరపు చోట్లలో మనది ఒకటి. దీనికి ఆకాశం తప్పు లేదు, మన అదృష్టం తప్పూ లేదు.

ఇంకో పోలిక చెప్తే హన్లే సంగతి కూడా తెలుస్తుంది. మన తెలుగువాళ్ళు ఎంతోమంది ఉండే డల్లాస్, లదాఖ్‌లోని హన్లే, రెండూ దాదాపు ఒకే అక్షాంశం, 32.8 డిగ్రీలు. కానీ భూమి అయస్కాంత ధ్రువం ఉత్తర అమెరికా వైపు ఒరిగి ఉంది. అందువల్ల అయస్కాంత లెక్కలో డల్లాస్ 40 డిగ్రీలు దాటితే, హన్లే 25 లోపే ఉండిపోయింది. 2024 మే నెల తుఫానుకి టెక్సాస్‌లో జనం ఇళ్ళ ముందు నిలబడి రంగులు చూశారు. అదే రాత్రి హన్లేలో ఆకాశం అంచున మాత్రం ఎర్రని కాంతి పాకింది.

2024 మే 10 రాత్రి

ఆ తుఫాను 2003 తర్వాత వచ్చినవాటిలో అతి పెద్దది. సూర్యుడి మీద ఒకే మచ్చల గుంపు నుంచి వరసగా పేలుళ్ళు జరిగి, ఒకదాని వెనక ఒకటి వచ్చి భూమిని తాకాయి. మే 10 అర్ధరాత్రి దాటాక హన్లేలోని భారత ఖగోళ వేధశాల కెమెరాలు ఉత్తర దిక్కున ఎర్రని ఆకాశాన్ని పట్టుకున్నాయి. అంతకుముందు 2023లో కూడా అక్కడ ఇలాంటి కాంతి ఫొటోల్లో పడింది.

హన్లేలో ఎరుపే ఎందుకు కనిపిస్తుంది, పచ్చ ఎందుకు కనిపించదు? భూమి గుండ్రంగా ఉండటం వల్ల. దూరంగా ఉన్న గుడి గోపురం మొదట శిఖరం మాత్రమే కనిపిస్తుంది కదా, అలాగే. 100 కిలోమీటర్ల ఎత్తులో ఉన్న పచ్చ కాంతి సుమారు 1,100 కిలోమీటర్ల దూరం దాకానే కనిపిస్తుంది. ఆపైన అది దిగంతం కిందికి పోతుంది. 400 కిలోమీటర్ల ఎత్తులోని ఎరుపు మాత్రం 2,200 కిలోమీటర్లకు పైగా కనిపిస్తుంది. హన్లే నుంచి మనం చూసేది ఎక్కడో మధ్య ఆసియా మీద వెలుగుతున్న కాంతి శిఖరాన్ని.

ఇంకో విషయం కూడా నిజాయితీగా చెప్పాలి. ఫొటోల్లో కుంకుమలా ఉన్న ఆ ఎరుపు కంటికి అలా కనిపించదు. కెమెరా కన్ను పది, ఇరవై సెకన్లు తెరిచి వెలుగుని పోగు చేసుకుంటుంది. మన కన్ను అలా పోగు చేసుకోలేదు. పైగా చీకట్లో పనిచేసే మన కంటి కణాలకి రంగు తెలియదు, ఎరుపైతే అసలే పట్టదు. హన్లేలో ధ్రువకాంతి వచ్చిన రాత్రి కూడా మామూలు మనిషికి కనిపించేది ఉత్తరాన బూడిదరంగు తెలుపు, మహా అయితే కొంచెం ఎర్ర మసక. టూరిస్టు ప్రకటనల్లో ఈ మాట ఉండదు. పచ్చని పరదాలు ఊగుతున్న నార్వే ఫొటో పెట్టి హన్లే అని రాస్తే నమ్మకండి.

మన దేశంలో ఇది కొత్తా?

కొత్త కాదు. 1872 ఫిబ్రవరి 4 రాత్రి వచ్చిన తుఫానుకి బొంబాయిలోనే ధ్రువకాంతి కనిపించిందని అప్పటి పత్రికలు రాశాయి. అంతకు ముందు 1859 సెప్టెంబరు మొదట్లో ఇంకా పెద్ద తుఫాను వచ్చింది. దాన్ని బొంబాయి కొలాబా వేధశాలలో పనిచేసేవాళ్ళు పరికరం దగ్గర కూర్చుని కళ్ళతో చూసి రాసిపెట్టారు. అయస్కాంత బలం సుమారు 1,600 నానోటెస్లాలు పడిపోయింది. 2024 మే తుఫాను కొలత 400 చిల్లర. రెండు లెక్కలూ ఒకే పద్ధతివి కావు గానీ, ఆనాటిది ఎంత పెద్దదో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు. ప్రపంచమంతా ఇప్పటికీ ఆ తుఫాను గురించి రాయాలంటే కొలాబా లెక్కలు చూడాల్సిందే. తర్వాత బొంబాయిలో కరెంటు ట్రాములు వస్తే పరికరాలు చెడిపోతాయని ఆ పనిని 1904లో అలీబాగ్‌కి మార్చారు. ఒక పని కొనసాగాలంటే ఊరి కరెంటుకి దూరంగా పోవాల్సివచ్చింది. హన్లే కథా అదే.

హన్లే ఇల్లు

మన ఊరి పక్కనే పోయే 44వ నంబరు జాతీయ రహదారి సాత్తూరు, విరుదునగర్, మదురై దాటి, కర్నూలు, హైదరాబాదు మీదుగా శ్రీనగర్ దాకా పోతుంది. ఆ దారిలో బస్సెక్కి పోవాలని నాకు ఆశ. కానీ సెలవు చాలదు. మదురైలో రైలెక్కి ఢిల్లీ, అక్కడి నుంచి లేహ్‌కి విమానం. దీపావళి అయ్యాక పటాసు యూనిట్లకి కొన్నాళ్ళు సెలవు కాబట్టి నాయన వచ్చాడు. ఆయన బోనసు డబ్బులే ప్రయాణం ఖర్చు. లేహ్‌లో మా మేనత్త, మామ ఉంటారు. మామకి అక్కడే ఉద్యోగం.

లేహ్ సుమారు 3,500 మీటర్ల ఎత్తులో ఉంది. దిగగానే హన్లేకి పోకూడదు. కనీసం రెండు రోజులు ఊరకే పడుకొని, నీళ్ళు తాగుతూ, ఆ గాలికి ఒళ్ళు అలవాటు చేసుకోవాలి. తర్వాత సింధూనది ఒడ్డున చుమథాంగ్, న్యోమా, లోమా మీదుగా 250 కిలోమీటర్లకు పైగా ప్రయాణం. చైనా సరిహద్దు దగ్గర కాబట్టి దారిలో అనుమతి పత్రాలు చూస్తారు. హన్లే 4,200 మీటర్లకు పైన ఉంటుంది. అక్కడ గాలిలో ఒక ఊపిరికి మనకి దొరికే ఆక్సిజన్, కోవిల్‌పట్టిలో దొరికేదాంట్లో 60 శాతం. నాలుగు మెట్లెక్కితే గుండె దడదడా కొట్టుకునేది.

హోటల్ అనుకోకండి. మట్టి ఇటుకల ఇల్లు, పైన కర్ర దూలాలు, వాటి మీద మట్టి కప్పు. మధ్య గదిలో ఇనప పొయ్యి. దాన్ని బుఖారీ అంటారు. అందులో పిడకలే ఎక్కువ. నీళ్ళు గొట్టంలో గడ్డకడతాయి కాబట్టి కుళాయి లేదు, బిందెలో తెచ్చిపెట్టేవాళ్ళు. మరుగుదొడ్డి బయట, నీళ్ళు వాడని మట్టి దొడ్డి. తినడానికి తుక్పా అనే పులుసు, రొట్టె, ఉప్పూ వెన్నా వేసిన టీ. నాయన మొదటి గుటకకే ముఖం చిట్లించి, మూడో రోజుకి రెండు గిన్నెలు తాగాడు.

ఇంటావిడని అందరూ అమా-లే అంటారు. అంటే అమ్మగారూ అని. చీకటి పడగానే ఆమె మొదట చేసేపని కిటికీలకి దళసరి నల్ల తెరలు దించడం. బయట దీపం లేదు. మా చేతికి ఎర్ర కాగితం చుట్టిన టార్చి ఇచ్చింది. తెల్లటి వెలుగు ఒక్కసారి కంట్లో పడితే, మళ్ళీ చీకటికి కన్ను అలవాటు కావడానికి అరగంట పడుతుంది. ఎర్ర వెలుగుకి అంత చెడదు. బండి వస్తే హెడ్‌లైటు తగ్గించాలి.

ఇదంతా ఒక ఒప్పందం. పక్కనే కొండ మీద, 4,500 మీటర్ల ఎత్తులో వేధశాల ఉంది. అక్కడి 2 మీటర్ల చంద్ర టెలిస్కోపుని బెంగళూరు దగ్గర హోసకోటె నుంచి నడుపుతారు. ఊరి దీపాలు పెరిగితే టెలిస్కోపు గుడ్డిదైపోతుంది. అలాగని ఊరివాళ్ళని కరెంటు వద్దనలేరు కదా. అందుకే 2022లో ఆ చుట్టుపక్కల వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైగా చీకటి ఆకాశ రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. దేశంలో అలాంటిది అదే మొదటిది. ఊళ్ళ నుంచి పాతికమంది దాకా ఎంచుకొని, ఆకాశం చూపించడం నేర్పి, టెలిస్కోపులు ఇచ్చారు. వాళ్ళలో ఆడవాళ్ళూ ఉన్నారు. చీకటిని కాపాడితే అతిథులు వస్తారు, అతిథులు వస్తే ఇల్లు నడుస్తుంది.

అమా-లే మామ చేత హిందీలో మమ్మల్ని అడిగించింది, మా ఊరి పని ఏమిటని. నాయన చేసే పని చెప్పగానే ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. మన జిల్లా వెలుగు అమ్ముకొని బతుకుతుంది. ఆ ఊరు చీకటి అమ్ముకొని బతుకుతోంది. రెండింటిలోనూ ఇల్లు గడవాలి, పిల్లలు చదవాలి. ఆమె కూతురు లేహ్‌లో చదువుతోంది, ఫీజు ఈ గది అద్దెలోంచే.

చూసింది ఇది

అమావాస్య దాటిన రోజులు కాబట్టి నెలవంక తొందరగా దిగిపోయేది. ఎముకలు కొరికే చలిలో మూడు కంబళ్ళు కప్పుకొని మిద్దె మీద కూర్చున్నాం. పాలపుంత ఒక అంచు నుంచి ఇంకో అంచుకి మేఘంలా ఉంది. మేఘమే అనుకొని నాయన "మబ్బు పట్టిందే" అన్నాడు.

చిన్నప్పుడు మా అవ్వ నాకు చుక్కల పేర్లు చెప్పేది. వేగుచుక్క, పాలపుంత, పిల్లలకోడి. పిల్లలకోడి అంటే పుస్తకాల్లో కృత్తికలు. ఒక కోడి చుట్టూ పిల్లలు ముసిరినట్టు ఉంటాయి. తన చిన్నతనంలో కరిసల్ నేల మీద కళ్ళంలో పడుకొని, అవి ఎంత పైకి వచ్చాయో చూసి పొద్దు లెక్కపెట్టేవాళ్ళట. నాకు ఆ పేర్లు వచ్చు, చుక్కలు మాత్రం తెలియవు. ఇప్పుడు అవ్వ కళ్ళకి శుక్లాలు, మా వీధికి హైమాస్ట్ లైటు. హన్లేలో మొదటి రాత్రి తూర్పున ఒక చిన్న గుంపు లేచింది. ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయింది. లెక్కపెట్టాను, తొమ్మిది వచ్చాయి. ఫోనులో అవ్వకి చెప్తే, "మాకాడ ఏడే ఉంటాయే. ఆడ కోడి ఇంకో రెండు పొదిగిందేమో" అంది.

ధ్రువకాంతి చూడ్డానికి పోయి కోడిపిల్లల్ని చూసొచ్చాను అని ఎవరైనా నవ్వితే నవ్వండి. అవ్వ చెప్పిన మాట నిజమని నాకు అక్కడే రుజువు దొరికింది. భాష మన నోట్లో మిగిలి, అది చూపించే వస్తువు కళ్ళముందు నుంచి పోతే, ఆ మాట ఎన్నాళ్ళు బతుకుతుంది? మా తమ్ముడికి పిల్లలకోడి అంటే కోళ్ళఫారమే.

మన దగ్గర ఏముంది

హన్లే పోలేనివాళ్ళు బాధపడాల్సిన పనిలేదు. సూర్యుడి తుఫాన్లని కనిపెట్టే పనిలో మన ప్రాంతానికి గొప్ప చోటే ఉంది.

తిరునెల్వేలి పక్కన కృష్ణాపురంలో భారత భూఅయస్కాంత సంస్థవారి పరిశోధన కేంద్రం ఉంది. అయస్కాంత భూమధ్యరేఖ దగ్గర పగటిపూట, నేలకి 100 కిలోమీటర్ల పైన, తూర్పుదిక్కుకి ఒక పెద్ద విద్యుత్ ప్రవాహం పారుతూ ఉంటుంది. నార్వేకి ధ్రువకాంతి ఎలాగో, మనకి ఈ కనిపించని నది అలాగ. సూర్యుడు అలిగితే అది వెంటనే తడబడుతుంది. 1963 నవంబరు 21న మన దేశం మొదటి రాకెట్‌ని తుంబా నుంచి వదలడానికి కారణం కూడా ఆ రేఖ దగ్గరగా ఉండటమే. ఆ రాకెట్ పైన వదిలిన సోడియం ఆవిరి, సాయంత్రం ఆకాశంలో నారింజరంగుగా వెలిగింది. పటాసులో పసుపుకి వాడేదీ ఆ సోడియమే.

కొడైకెనాల్‌లో 1899లో పెట్టిన సూర్య వేధశాల ఉంది. సూర్యుడి మచ్చల్లో వాయువు బయటికి పారుతుందని 1909లో జాన్ ఎవర్షెడ్ కనిపెట్టింది అక్కడే. ఆయన భార్య మేరీ ఎవర్షెడ్ కూడా అక్కడే సూర్యుడి అంచున లేచే జ్వాలల మీద పనిచేసింది. ఆవిడ మహాకవి డాంటే కావ్యాల్లోని ఖగోళం మీద ఒక పుస్తకం కూడా రాసింది. సాహిత్యం చదివేవాళ్ళకి ఆకాశంతో పనేమిటని నన్నడిగినవాళ్ళకి ఈవిడని చూపిస్తున్నాను.

ఇక ఆదిత్య-ఎల్1. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి వెళ్ళింది. భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉండి, రాత్రీ పగలూ సూర్యుడినే చూస్తోంది. తుఫాను మనల్ని తాకడానికి కాస్త ముందు దాన్ని తాకుతుంది. ఆ ప్రాజెక్టుకి డైరెక్టరుగా పనిచేసిన నిగార్ షాజీ మన పక్కనున్న సెంగోట్టైలో పుట్టి, తిరునెల్వేలి ప్రభుత్వ ఇంజనీరింగ్ కాలేజీలో చదివింది.

చివరగా ఒక మాట. ధ్రువకాంతిలో పచ్చరంగు ఇచ్చే ఆ ఆక్సిజన్ మన కోవిల్‌పట్టి మీద కూడా ప్రతిరాత్రీ, సుమారు 100 కిలోమీటర్ల ఎత్తులో, అదే పచ్చరంగులో వెలుగుతూనే ఉంటుంది. పగటి ఎండ ఇచ్చిన శక్తిని రాత్రి మెల్లగా వదులుతుంది. కంటికి కనిపించనంత మసక, కెమెరాలకి తెలుస్తుంది. తుఫాను అక్కర్లేదు, టిక్కెట్టు అక్కర్లేదు.

ఒక కోరిక

సూర్యుడి ఉధృతి 11 ఏళ్ళకొకసారి పెరిగి తగ్గుతుంది. 2024లో శిఖరానికి వచ్చింది, ఇక నెమ్మదిగా తగ్గుతుంది. కాబట్టి ఇప్పుడు హన్లే పోయేవాళ్ళు ధ్రువకాంతి కోసమే డబ్బు ఖర్చుపెట్టకండి. చీకటి కోసం పోండి, అది ప్రతిరాత్రీ దొరుకుతుంది. కాంతి వస్తే కొసరు అనుకోండి.

పోలేనివాళ్ళ తరఫున మా డిపార్ట్‌మెంట్ మేడమ్‌లకి ఒక విన్నపం. ఆకాశం రాత్రిపూటే ఉంటుంది. మనమేమో రాత్రిపూట తలుపుల లోపల ఉంటాం. మగపిల్లలు ఏ మిద్దె మీదైనా ఎక్కి చూస్తారు. హాస్టల్ మేడ తలుపుకి ఎనిమిదింటికే తాళం పడుతుంది. ఆ తాళం మా మేలు కోరి వేసిందేనని తెలుసు. జనవరిలో గానీ ఫిబ్రవరిలో గానీ ఒక అమావాస్య దగ్గరి రాత్రి, మీరూ మాతో ఉండగా, ఒక్క గంట ఆ తలుపు తీయించండి. మేడ మీది రెండు లైట్లూ ఆర్పిద్దాం. అరగంట మాట్లాడకుండా కూర్చుంటే కళ్ళు అలవాటుపడతాయి. ఆ నెలల్లో పిల్లలకోడి రాత్రి ఎనిమిదికి నడినెత్తి దరిదాపుల్లోనే ఉంటుంది. విరుదునగర్ వెలుతురులో తొమ్మిది కనిపించవు. అయిదు కనిపించినా చాలు. ఎవరింట్లో ఆ చుక్కల్ని ఏ పేరుతో పిలుస్తారో ఆ రాత్రే అడిగి, పేర్లన్నీ రాసుకొని వచ్చే నెల ఇదే గోడ మీద అంటిద్దాం. రాయడానికి నేను సిద్ధం. ఎర్ర కాగితం చుట్టిన టార్చి కూడా నా దగ్గర ఉంది.